ఎయిర్‌పోర్టు మావయ్య ఇంట్లోనే ఉన్నాడు

కుటుంబం కళకళలాడుతూ ఉండాలంటే ఇంటి యజమాని ఇంట్లో ఉండకూడదు!

తొందరపడి నన్ను తిట్టుకోకండి. ఈ మాట నోటికొచ్చినట్టు అనడం లేదు. దీని వెనక పదహారేళ్ళ పరిశోధన ఉంది. ఆ పరిశోధన అంతా ఒకే ఒక్క కుటుంబం మీద జరిగిందన్నది నిజమే. అయితేనేం? ఒక సత్యం కనిపెట్టడానికి ఎన్ని కుటుంబాలు కావాలేమిటి?

విమానాలు లేని రోజుల్లో మనుషులు ఎంత దౌర్భాగ్యంగా బతికారో తలుచుకుంటే నాకు జాలేస్తుంది. పొద్దున పనికి వెళ్ళినవాడు సాయంత్రానికి ఇంటికి వచ్చేసేవాడు. వాణ్ణి చూసి ఎవరైనా లేచి నిలబడ్డారా? ఫొటో తీశారా? "అయ్యో, ఎంత చిక్కిపోయావు!" అంటూ బుగ్గలు నిమిరారా? లేదు కదా! దూరాన్ని మించిన వరం లేదు, పాఠకులారా. నమ్మకం కుదరకపోతే ఈ లిఫ్టు మెకానిక్ సంగతి వినండి.

ఆయన పద్నాలుగేళ్ళు విదేశంలో లిఫ్టులు బాగుచేశాడు. నలభై అంతస్తుల మేడలు, అద్దాల లిఫ్టులు, అందులో ఎవరి మొహమూ ఎవరూ చూడకుండా నంబర్ల వైపు చూస్తూ నిలబడే జనం. ఏడాదికి ముప్పై రోజులు సెలవు. ఆ ముప్పై రోజులూ ఇంటికి వచ్చేవాడు.

ఇంట్లో భార్య, ఇద్దరు ఆడపిల్లలు. భార్యది రక్తపరీక్షల ల్యాబులో ఉద్యోగం. రెండు వీధుల అవతల అక్క, స్కూలు వ్యాను నడిపే బావ, వాళ్ళ ముగ్గురు పిల్లలు. పదకొండు నెలలు ఎవరి పరుగులు వాళ్ళవి. ఒకళ్ళ ఇంటికి ఒకళ్ళు వెళ్ళాలన్నా "వీలు చూసుకుని" అనే మాట దగ్గరే ఆగిపోయేవారు.

ఆయన విమానం దిగే రోజు మాత్రం వీలు దానంతటదే ఊడిపడేది!

బావ వ్యాను కడిగి తెచ్చేవాడు. అందులో అక్క, పిల్లలు, పక్కింటివాళ్ళు, పక్కింటికి వచ్చిన చుట్టాలు, అంతా కలిసి ఎయిర్‌పోర్టుకి బయల్దేరేవారు. పిల్లలు రంగులు వేసిన బ్యానరు పట్టుకునేవారు. విమానం ఇంకా ఆకాశంలో ఉండగానే అక్క ఏడుపు మొదలుపెట్టేది. "తర్వాత జనంలో కుదరదు," అనేది.

ఇంటికి రాగానే సూట్‌కేసు తెరిచే కార్యక్రమం. ముందు గదిలో చాప మీద సూట్‌కేసు, చుట్టూ బాసింపట్లు వేసుకుని జనం. ఇంటికి చిన్నది కాబట్టి చిన్నమ్మాయే జిప్పు లాగాలి. లాగగానే సబ్బు, చాక్లెట్, సెంటు కలగలిసిన ఒక వాసన గుప్పుమనేది. ఆ వాసనకే అందరూ ఒక్కసారిగా "ఆఁ!" అనేవారు. అప్పటికింకా వస్తువులు బయటికి రానేలేదు! ఆ తర్వాత పద్నాలుగు మందికి పెద్ద భోజనం. మర్నాడు సోఫా మీద గ్రూప్ ఫొటో. మూడో రోజు నది ఒడ్డుకి పిక్నిక్. రోజుకొకరి ఇంట్లో విందు.

వాళ్ళకి సెలవులంటే అవే. వేరే సెలవులు వాళ్ళ క్యాలెండర్‌లో లేవు. అక్క పిల్లలు ఆయనకి 'ఎయిర్‌పోర్టు మావయ్య' అని పేరు పెట్టారు. ఆయన ఆ పేరు విని మురిసిపోయేవాడు. ఎందుకు మురిసిపోడు? మంత్రులకి కూడా జనాన్ని లారీల్లో తోలుకురావాలి!

ఇంత చక్కగా నడుస్తున్న వ్యవహారాన్ని ఆయనే చేతులారా చెడగొట్టుకున్నాడు. పద్నాలుగో ఏడు వచ్చినప్పుడు భోజనాల దగ్గర గొంతు సవరించుకుని, "ఇంక వెళ్ళను. పూర్తిగా వచ్చేశాను," అని ప్రకటించాడు.

అందరూ చప్పట్లు కొట్టారు. అక్క ఇంకో విడత ఏడ్చింది. తొమ్మిదేళ్ళ చిన్నమ్మాయి మాత్రం కాసేపు ఆలోచించి అడిగింది. "అంటే వచ్చే ఏడు రావా నాన్నా?"

ఘొల్లుమని నవ్వారు అంతా. ఆ పిల్ల ఎంత ముందుచూపుతో అడిగిందో ఏడాది గడిస్తే గానీ ఆయనకి తెలిసి రాలేదు.

ముప్పై రోజులూ ఎప్పటిలాగే గడిచాయి. ముప్పై ఒకటో రోజు పొద్దున ఆయన ఇంకా ఇంట్లోనే ఉండేసరికి ఏం చేయాలో ఎవరికీ పాలుపోలేదు. బీరువాలో ఆయన చొక్కాలకి చోటు లేదు, ఇన్నాళ్ళూ సూట్‌కేసులోంచే తీసి వేసుకునేవాడు. పెద్దమ్మాయి చదువుకునే బల్ల మీద ఆయన పనిముట్ల పెట్టె ఉంది. "దీన్ని ఎప్పుడు తీస్తావు నాన్నా?" అని ఆ పిల్ల అడగలేక అడిగింది.

ఊళ్ళో ఒక లిఫ్టుల కంపెనీలో ఉద్యోగం దొరికింది. ఆసుపత్రి లిఫ్టులు, ఆఫీసు లిఫ్టులు. ఆరింటికి ఇంటికి వచ్చేవాడు. మూడు నెలలు తిరిగేసరికి ఆయన ఇంట్లో ఫ్రిజ్‌లాంటివాడైపోయాడు. ఉన్నట్టు అందరికీ తెలుసు, అవసరమైనప్పుడే అటు చూస్తారు. ఆయన గుమ్మంలోకి అడుగు పెడితే సోఫా మీద పడుకున్న చిన్నమ్మాయి ఫోన్ లోంచి తల ఎత్తకుండానే కాళ్ళు కాస్త ముడుచుకునేది. ఆయనకి జరిగే స్వాగతం ఆ జానెడు జాగా!

అయినా ఆయన బెంగపడలేదు. సెలవుల నెల వస్తుందిగా, అప్పుడు చూద్దాం అనుకున్నాడు.

ఆ నెల రానే వచ్చింది. ఒకటో తారీఖున ఆయన పనికి సెలవు పెట్టి, గడ్డం గీసుకుని, కొత్త చొక్కా తొడుక్కుని ముందు గదిలో కూర్చున్నాడు. భార్య డ్యూటీకి వెళ్ళింది. పెద్దది క్లాసుకి, చిన్నది స్నేహితురాలి ఇంటికి. పదింటి దాకా ఎదురుచూసి అక్కకి ఫోన్ చేశాడు.

"అక్కా, ఎప్పుడొస్తున్నారు?"

"ఎక్కడికిరా?"

"మా ఇంటికి. ఒకటో తారీఖు కదా!"

"ఎవరొస్తున్నారేంటి?"

"ఎవరూ రావట్లేదు. నేనున్నాను."

"నువ్వున్నావని తెలుసులేరా. ఉన్నవాడివి ఎక్కడికి పోతావు? వీలు చూసుకుని వస్తాంలే," అని అక్క ఫోన్ పెట్టేసింది.

చూశారా, ఇంట్లో ఉండటం ఎంత ప్రమాదమో?

అయినా ఆయన మెకానిక్. ఏదైనా ఆగిపోతే మళ్ళీ నడిపించేదాకా నిద్రపట్టని జాతి. అటక మీంచి సూట్‌కేసు దించాడు. బజారుకి వెళ్ళి సబ్బులు, చాక్లెట్లు, జడ క్లిప్పులు కొని, దాన్ని నింపి, ఆదివారం పొద్దున ముందు గదిలో చాప మీద పెట్టి ఇంటిల్లిపాదినీ పిలిచాడు. చిన్నమ్మాయి జిప్పు లాగింది. గుప్పున కలరా ఉండల వాసన వచ్చింది.

పెద్దమ్మాయి ఒక సబ్బు తీసి వెనక్కి తిప్పి చూసింది. "నాన్నా, ఇది కింద షాపులోది. మనం రోజూ రుద్దుకునేదే!"

"మంచిపని చేశారు, నిన్నే అయిపోయింది," అంటూ భార్య ఆ సబ్బు అందుకుని బాత్రూములో పెట్టడానికి వెళ్ళిపోయింది.

చాప మీద తండ్రీ, చిన్నమ్మాయీ మిగిలారు. ఆ పిల్లకి తండ్రి మొహం చూస్తే జాలేసింది. చాక్లెట్ చప్పరిస్తూ, "నాన్నా, నువ్వొకసారి ఎక్కడికైనా వెళ్ళి రాకూడదూ?" అంది.

దైవికంగా ఆ నెలాఖరునే కంపెనీవాళ్ళు ఆయన్ని కొత్త రకం లిఫ్టుల మీద ట్రైనింగ్‌కి పంపించారు. పది రోజులు. బస్సులో ఆరు గంటల ప్రయాణం.

ఇక చూడండి వైభవం! ఈ కబురు తెలిసి అక్క ఆ సాయంత్రమే ఊడిపడింది, ఆమెకి వీలు దొరికింది. పెద్దమ్మాయి ఆయన చొక్కాలు ఇస్త్రీ చేసింది. బావ సూట్‌కేసుని బరువు చూసే మిషన్ మీద పెట్టి, "ఇరవై మూడు కిలోలు దాటకూడదు," అని ఒక టవలు బయటికి తీశాడు. బస్సులో బరువు ఎవరు చూస్తారని అడిగే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

ట్రైనింగ్‌లో ఉన్న పది రోజులూ సాయంత్రం ఏడు కొట్టగానే ఇంటి నుంచి ఫోన్. ఇంట్లో ఉన్నప్పుడు "ఊఁ" తప్ప ఇంకో అక్షరం పలకని పెద్దమ్మాయి, తనకి లెక్కలంటే ఎందుకు భయమో ముప్పావుగంట చెప్పింది. చిన్నమ్మాయి బడిలో స్టేజీ మీద మాటలు మర్చిపోయి, వంగి దండం పెట్టి దిగిపోయిందట. ఈ సంగతి జరిగి ఐదు నెలలైంది! అప్పుడాయన ఆ పిల్ల పక్క గదిలోనే ఉన్నాడు. తన పిల్లల గురించి ఏడాదిలో తెలియనివి పది రోజుల్లో తెలిశాయి. చెప్పండి, దూరం వరమా కాదా?

తిరిగొచ్చిన రోజున బస్టాండులో పద్నాలుగు మంది, ఒక వ్యాను, ఒక బ్యానరు. ఆయన బస్సు మెట్టు దిగగానే అక్క మీదపడి, "ఎంత చిక్కిపోయావురా!" అని బావురుమంది. దిగుతున్న ప్రయాణికులు జాలిగా తప్పుకున్నారు. కండక్టరు మెల్లగా దగ్గరికొచ్చి అడిగాడు.

"శిక్ష ఎన్నేళ్ళు పడిందండీ?"

"పది రోజులు," అన్నాడు మెకానిక్.

"పది రోజులకే ఇంత మందా! మంచి కుటుంబం సార్," అని కండక్టరు ఆయన భుజం తట్టి వెళ్ళాడు.

సూట్‌కేసు తెరిచారు. ఫొటో దిగారు. నది ఒడ్డుకి వెళ్ళారు. ఆగిపోయిన సెలవులు మళ్ళీ నడిచాయి. మెకానిక్ ఛాతీ రెండు అంగుళాలు పెరిగింది.

మరుసటి ఏడు ఆ నెల దగ్గరపడుతుంటే ఆయన మేనేజరు గదిలోకి వెళ్ళి, "ఈసారి ట్రైనింగ్ లేదా సార్?" అని అడిగాడు.

"పోయినేడు నేర్చుకున్నావుగా! మర్చిపోయావా?" అన్నాడు మేనేజరు.

ఆయన మర్చిపోలేదు. మర్చిపోలేకే ఇంటికి వచ్చి జీవితంలో మొదటిసారి భార్యతో అబద్ధం చెప్పాడు. "ఎనిమిది రోజులు ట్రైనింగ్." సూట్‌కేసు తూకం వేశారు. అక్క ఏడ్చింది. బావ బస్టాండు దాకా దింపాడు. మెకానిక్ ఒక గుమ్మంలో బస్సెక్కి, ఇంకో గుమ్మంలోంచి దిగి, రిక్షా మాట్లాడుకుని ఊరికి ఆ కొసన రైల్వే స్టేషన్ పక్కనున్న లాడ్జిలో మూడో అంతస్తులో దిగాడు.

నవ్వుతున్నారా? నవ్వండి. ఇంట్లోవాళ్ళు తన వైపు ఒకసారి చూడాలని మనిషి ఇంకేం చేస్తాడో మీరే చెప్పండి!

లాడ్జిలో పనేముంది? సాయంత్రం ఏడింటి ఫోన్ కోసం ఎదురుచూడటమే. అదీ గాక ఆ లాడ్జి లిఫ్టు ఆయన్ని మనశ్శాంతిగా ఉండనివ్వలేదు. ప్రతి అంతస్తులోనూ బొటనవేలంత కిందికి ఆగుతోంది. ఎక్కేవాళ్ళు తూలుతున్నారు, దిగేవాళ్ళు తట్టుకుంటున్నారు. రెండు రోజులు పళ్ళు బిగబట్టి ఓర్చుకున్నాడు. మూడో రోజు పొద్దున ఆగలేక, కరెంటు ఆపించి, కింది అంతస్తులో లిఫ్టు గుమ్మం దగ్గర బోర్లా పడుకుని తల లిఫ్టు కింది గోతిలోకి వంచాడు.

సరిగ్గా అప్పుడే ల్యాబు వాళ్ళ డబ్బా చేతపట్టుకుని ఒకావిడ లాడ్జిలోకి వచ్చింది. పై అంతస్తులో దిగిన ముసలాయనకి రక్తం తీయాలి. లిఫ్టు దగ్గర ఎవరివో రెండు కాళ్ళు అడ్డంగా ఉన్నాయి. కాళ్ళకి ఆకుపచ్చ చారల మేజోళ్ళు. ఆ మేజోళ్ళు తన చేత్తో కొన్నవే.

ఆవిడ డబ్బా కింద పెట్టింది.

"ఏమండీ, ఇదేనా ట్రైనింగ్?"

గోతిలో తల ఎక్కడో ఠంగుమని తగిలిన చప్పుడైంది. కాసేపటికి అక్కణ్ణుంచే నీరసంగా జవాబొచ్చింది.

"ఆఁ... ప్రాక్టికల్స్."

ఆవిడ పైకి వెళ్ళి, ముసలాయనకి రక్తం తీసి, సీసా మీద పేరు రాసి, తర్వాత ఆయన గదికి వచ్చింది. పని పనే కదా! ఆయన మంచం పక్కన చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు.

"మతి పోయిందా మీకు?"

"ఇంట్లో ఉంటే నన్నెవరూ చూడటం లేదు," అన్నాడాయన నేల చూపులు చూస్తూ. "వస్తే చూస్తున్నారు. రావాలంటే ముందు వెళ్ళాలి కదా. అందుకని వెళ్ళాను."

తిడుతుందనుకున్నాడు. ఆవిడ తిట్టలేదు. కుర్చీలో కూర్చుని గదంతా నెమ్మదిగా కలయజూసింది.

"ఈ దుప్పటి మడత ఎవరు పెట్టారు?"

"వాళ్ళే. రోజూ పొద్దున వచ్చి పెట్టి పోతారు."

"ఈ టీ?"

"ఫోన్ చేస్తే తెస్తారు."

"భోజనం?"

"ఏం తింటారని అడిగి తెస్తారు."

"ఏమని అడుగుతారు?"

"ఏం తింటారూ అని."

ఆవిడ ఆ మాట ఇంకోసారి చెప్పించుకుంది. తర్వాత అడిగింది. "ఎన్ని రోజులకి తీసుకున్నారు గది?"

"ఎనిమిది."

"మూడయ్యాయి. ఇంకా ఐదున్నాయన్నమాట," అంటూ ఆవిడ చెప్పులు విడిచి మంచం మీద కాళ్ళు చాపుకుంది. "ఏమండీ, ఒకటడుగుతాను చెప్పండి. మీరు విమానం దిగినప్పుడు ఎయిర్‌పోర్టులో ఎవరెవరు ఉండేవాళ్ళు?"

ఆయనకి ఇష్టమైన ప్రశ్న. మొహం వికసించింది. "అక్క, బావ, వాళ్ళ పిల్లలు, మన పిల్లలు, పక్కింటివాళ్ళు..."

"ఇంకా?"

"ఇంకా... నువ్వు..." అని ఆగిపోయాడు.

పద్నాలుగేళ్ళ ఎయిర్‌పోర్టు ఫొటోలు ఒక్కొక్కటే కళ్ళముందు తిరిగాయి. పక్కింటివాళ్ళ చుట్టాలు కనిపించారు. వాళ్ళ గొడుగులు కూడా కనిపించాయి. భార్య మాత్రం ఒక్కదాంట్లోనూ కనిపించలేదు.

"వంటింట్లో ఉండేదాన్నండీ," అందావిడ. "పద్నాలుగు మందికి వండాలిగా. వ్యాను హారన్ వినిపిస్తే మీరొచ్చారని తెలిసేది. అందరూ 'ఆఁ' అని అరిస్తే సూట్‌కేసు తెరిచారని తెలిసేది. మీరు వెళ్ళాక మళ్ళీ పదకొండు నెలలు నేనక్కడే ఉండేదాన్ని. ఎక్కడికీ వెళ్ళలేదు కాబట్టి నన్ను తీసుకురావడానికి ఎవరూ రాలేదు."

ఆవిడ ఏడవలేదు. నిష్ఠూరంగానూ అనలేదు. సూది గుచ్చేముందు 'కొంచెం చురుక్కుమంటుంది' అని చెప్పే గొంతుతోనే చెప్పింది.

మెకానిక్ ఖాళీ అయిన కుర్చీలో కూర్చున్నాడు.

"మీరు ఇంటికి వెళ్ళండి. ఈ ఐదు రోజులూ నేనుంటాను," అందావిడ.

"ఆదివారం అందరూ బస్టాండుకి వస్తారే!"

"రానివ్వండి. నేను దిగుతాను."

అని ల్యాబుకి ఫోన్ చేసి, "రేపట్నించి నాకు ట్రైనింగ్ ఉంది సార్," అని చెప్పి ఫోన్ పెట్టేసింది.

మెకానిక్ సూట్‌కేసు అక్కడే వదిలి ఉత్త చేతులతో ఇల్లు చేరాడు. పెద్దమ్మాయి తలుపు తీసి, "అదేంటి, అప్పుడే వచ్చేశావా? బ్యానరుకి రంగులే వేయలేదు!" అని విసుక్కుంది. అమ్మ ట్రైనింగ్‌కి వెళ్ళిందని చెప్తే, "సూది గుచ్చడంలో కొత్తగా నేర్చుకునేది ఏముంటుంది?" అంది. ఆయన జవాబు చెప్పకుండా వంటింట్లోకి నడిచాడు.

నలభై అంతస్తుల మేడకి ప్రాణం పోసినవాడికి ఆ వంటింట్లో ఉప్పు డబ్బా ఎక్కడుందో దొరకలేదు! మొదటి రోజు అన్నం మాడింది. రెండో రోజు పిల్లల లంచ్ బాక్సులు తారుమారయ్యాయి. మూడో రోజు తెల్ల యూనిఫామ్‌ని ఎర్ర టవలుతో కలిపి ఉతికాడు, చిన్నమ్మాయి గులాబీరంగులో బడికి వెళ్ళింది. పనైపోయింది అనుకునేసరికి సాయంత్రం అయ్యేది. అందరూ తినేసరికి మళ్ళీ గిన్నెలు ఉండేవి.

ఏడింటికి ఫోన్ మోగేది. పిల్లలిద్దరూ నేనంటే నేనని లాక్కునేవారు. అవతల భార్య నవ్వు వినిపించేది. ఆ నవ్వు విని ఎన్నాళ్ళయిందో ఆయనకి గుర్తు రాలేదు. తన వంతు వచ్చేసరికి, "కూరలో నీళ్ళు ఎప్పుడు పోయాలి?" అని అడిగేవాడు.

శనివారం అక్కకి ఫోన్ చేశాడు.

"అక్కా, రేపు అందరూ బస్టాండుకి రావాలి. మీ మరదలొస్తోంది."

"అదెక్కడికి వెళ్ళింది? గొడవపడ్డారా?"

"ట్రైనింగ్‌కి వెళ్ళింది."

"మరి రేపు వంటెవరు చేస్తార్రా?"

"నేను."

"ఎంత పనున్నా వస్తాం. ఇది చూసి తీరాలి," అంది అక్క.

ఆదివారం పొద్దున్నే వ్యాను బయల్దేరింది. చివరి నిమిషంలో చిన్నమ్మాయి వంటింటి గుమ్మంలోకి పరిగెత్తుకొచ్చి, "నాన్నా, నువ్వు రావా?" అంది. ఆయన పొయ్యి మీది మూడు గిన్నెల వైపు చూశాడు. "మీరు వెళ్ళండమ్మా," అన్నాడు.

బస్టాండులో ఏం జరిగిందో ఆయన చూడలేదు. ఆవిడ లాడ్జి నుంచి రిక్షాలో ఊరి చివరిదాకా వెళ్ళి, వచ్చే బస్సుని ఆపి ఎక్కి, రెండు స్టాపులు ప్రయాణం చేసి దర్జాగా దిగిందట. ఇవన్నీ ఆయనకి తర్వాత తెలిశాయి.

ఆయనకి మొదట తెలిసింది వ్యాను హారన్. పరిగెత్తాలనుకున్నాడు. సరిగ్గా అప్పుడే కూర పొంగింది. మంట తగ్గించేసరికి ముందు గదిలోంచి నవ్వులు, కుర్చీలు జరిపిన చప్పుళ్ళు, అక్క ముక్కు చీదిన శబ్దం. గరిటె చేత్తో పట్టుకుని చెవులు రిక్కించి నిలబడ్డాడు. కాసేపటికి జిప్పు లాగిన చప్పుడైంది. "ఆఁ!" అని అందరూ అరిచారు. ఏం తెచ్చిందో, ఎవరికి ఏమిచ్చిందో కనిపించలేదు. కళ్ళలో పొగ, మెడ మీద చెమట. ఇవతల తనొక్కడూ, అవతల సెలవులూ!

పద్నాలుగేళ్ళు, అనుకున్నాడు. ఒకసారి కాదు, పద్నాలుగుసార్లు.

కర్టెన్ కదిలింది. భార్య లోపలికి వచ్చింది. చేతిలో పూలగుత్తి, నుదుటి మీద చెదిరిన జుట్టు. అంత జనాన్ని ముందు గదిలో వదిలేసి నేరుగా ఇటే వచ్చింది. ఆయన ఏ ఒక్క ఏడూ ఆ పని చేయలేదు. సోఫాలో కూర్చుని, "మంచినీళ్ళు!" అని కేకేసేవాడు.

"ఎలా ఉంది బస్టాండులో?" అనడిగాడు.

"బాగుంది. వదిన ఏడ్చింది."

"నేనొచ్చినప్పటికన్నా ఎక్కువ ఏడ్చిందా?"

"ఎక్కువే," అంటూ ఆవిడ ఆయన చేతిలో గరిటె అందుకుని కూర రుచి చూసింది. ఒక క్షణం కళ్ళు మూసుకుంది. "ఉప్పు లేదండీ."

"డబ్బా దొరకలేదు."

ఆవిడ చెయ్యి చాపి ఆయన తల వెనక అల్మరాలోంచి డబ్బా తీసింది. ఇద్దరికీ నవ్వాగలేదు. అంత నవ్వుకీ కారణం ఏమిటో చూద్దామని అక్క గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

ఆ రోజు అందరూ తిన్నారు. పేర్లు చెప్పను గానీ కొందరు మంచినీళ్ళే ఎక్కువ తాగారు. మూడో రోజు నది ఒడ్డుకి వెళ్ళినప్పుడు భోజనం డబ్బాలు మోసింది మెకానిక్కూ, బావా. ఆవిడ రాయి మీద నీళ్ళలో కాళ్ళు ఊపుకుంటూ కూర్చుంది. అప్పటినుంచీ వాళ్ళింట్లో సెలవులంటే లెక్క ఇదే. ఏటా ఆ నెలలో ఆవిడ ఐదు రోజులు వెళ్తుంది. తర్వాత వస్తుంది.

ఆ మొదటి విందు రోజు ఇంకో చిన్న సంగతి జరిగింది. గిన్నెలు కడిగే నెపంతో అక్క మరదల్ని పెరట్లోకి లాక్కెళ్ళి, చుట్టూ చూసి, గొంతు తగ్గించి అడిగింది.

"అమ్మాయ్, నిజం చెప్పు. అది ట్రైనింగ్ కాదు కదూ?"

"కాదు వదినా."

"ఆ లాడ్జి పేరేంటి?"

దూరం వరమని నేను ముందే చెప్పాను. ఆ వరం ఎవరికి కావాలో కనుక్కోవడంలో మాత్రం నాకు కాస్త ఆలస్యమైంది, అంతే!

ఈ మధ్య ఆ లాడ్జి మూడో అంతస్తులో గది దొరకడం గగనమైపోయిందట. అంతా ఆడవాళ్ళే. రిజిస్టరులో 'వచ్చిన పని' అన్నచోట అందరూ ఒకటే మాట రాస్తున్నారు. లిఫ్టు చూడటానికి వెళ్ళిన మెకానిక్‌ని లాడ్జి మేనేజరు పక్కకి పిలిచాడు.

"ఏం ట్రైనింగ్ సార్ ఇది? పొద్దున పదింటిదాకా తలుపులు తీయరు. టీ తెప్పించుకుంటారు, నవ్వుకుంటారు, మళ్ళీ పడుకుంటారు. ఇంతకీ వీళ్ళకి ఏం నేర్పిస్తున్నారు?"

మెకానిక్ పనిముట్ల పెట్టె మూసి, చేతులు తుడుచుకున్నాడు.

"ట్రైనింగ్ వీళ్ళకి కాదండీ," అన్నాడు. "ఇళ్ళ దగ్గరున్న మాకు."